స్నో బైక్ స్కీ స్పిండిల్ విరగకుండా చూసుకోవడం ఎలా: పీణ్య లేతు షాపు నుంచి

మంచు మీద తోలే స్నో బైక్‌కు ముందు చక్రం బదులు, మంచు మీద జారే స్కీ పలక ఉంటుంది. ఆ స్కీని ఫోర్క్‌లోని యాక్సిల్‌కు కలిపే భాగమే స్కీ స్పిండిల్. అది ఒక్కసారిగా విరిగిపోయిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ముందు ఎక్కడో ఒకచోట వదులు వస్తుంది. ఆ వదులులో ప్రతి కుదుపూ దెబ్బగా మారుతుంది. దెబ్బలకు ఏదో ఒక మూలలో వెంట్రుకవాసి పగులు పుట్టి లోపలికి పాకుతూ పోతుంది. చివరికి మిగిలిన కాస్త లోహం బరువు మోయలేక తెగుతుంది. మన కంటికి కనిపించేది ఆ ఆఖరి రోజు మాత్రమే. అందుకే గట్టి స్పిండిల్ ఎక్కడ కొనాలన్న దానికన్నా వదులును ఎలా వెతకాలి, ఎలా పోగొట్టాలి అన్నదే ఇక్కడ ఎక్కువ చెబుతాను.

మాది హిందూపురం. బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడ రెండో స్టేజీలో లేతు షాపు నడుపుతున్నాను. షాఫ్టులు, బుష్‌లు (బోల్టు తిరగడానికి రంధ్రంలో దించే గొట్టం ముక్కలు), పిన్నులు, యాక్సిళ్లు చేస్తాం. మంచు పడని ఊళ్లో ఉండి మంచు బండి గురించి రాయడానికి కారణం మా అక్క కొడుకు. కెనడాలోని కాల్గరీలో ఉద్యోగం చేస్తాడు. చలికాలం వస్తే స్నేహితులతో కలిసి రాకీ పర్వతాల్లో స్నో బైక్ తోలుతాడు. వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు సూట్‌కేసులో బట్టలకన్నా ముందు అరిగిన స్పిండిళ్లు, కోలగా మారిన బుష్‌లు బయటికి వస్తాయి. అతని బృందంలో తెలుగువాళ్లు చాలామంది. అందరూ ఫోనులో అడిగేది ఒకే మాట: "మామయ్యా, ఇంకాస్త లావుగా చేసి ఇస్తే విరగదు కదా?" వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఒకచోట పెడుతున్నాను.

చక్రం పోయి స్కీ వస్తే ఏమవుతుంది

స్నో బైక్ అంటే మామూలు మోటోక్రాస్ బండే, ఎక్కువగా 450 సీసీది. వెనక చక్రాన్నీ దాన్ని మోసే స్వింగ్ ఆర్మ్‌నూ తీసి ట్రాక్ (మంచును తవ్వుకుంటూ తిరిగే రబ్బరు పట్టా) పెడతారు, ముందు చక్రం తీసి స్కీ పెడతారు. అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని శాండ్‌పాయింట్ కేంద్రంగా పనిచేసిన టింబర్‌స్లెడ్ కంపెనీ ఈ కిట్లతో పేరు తెచ్చుకుంది. 2015లో పొలారిస్ దాన్ని కొనుక్కుంది. 2017లో యాస్పెన్‌లో జరిగిన ఎక్స్ గేమ్స్‌లో స్నో బైక్ పందెం తొలిసారి కనిపించింది. బండి, ఫోర్క్ మాత్రం నేల మీద తోలడానికి తయారైనవే. ఆ సంగతి మరచిపోకూడదు.

చక్రం ఉన్నప్పుడు ఫోర్క్ మీద పడే బరువు టైరులో కొంత, రిమ్ములో కొంత, స్పోకుల్లో కొంత ఇంకిపోయి యాక్సిల్‌కు చేరుతుంది. రాయి తగిలితే చక్రం దొర్లుతుంది. స్కీ దొర్లదు. మంచు కింద దాగిన మొద్దుకు తగిలితే దెబ్బ మొత్తం స్పిండిల్‌కు, అక్కడి నుంచి ఫోర్క్ కాళ్ల అడుగున యాక్సిల్‌ను పట్టుకునే లగ్గులకు నేరుగా వెళ్తుంది. పైగా స్కీ గడపార లాంటిది. దాని కొనను పక్కకు తోస్తే బలం పది రెట్లై మొదట్లో పడుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. కొండవాలుకు అడ్డంగా వెళ్తున్నప్పుడు స్కీ అంచు మీద పక్క నుంచి 40 కిలోల బలం పడిందనుకోండి. స్కీ అడుగు భాగం యాక్సిల్ కన్నా 25 సెంటీమీటర్లు కింద ఉందనుకుంటే యాక్సిల్ దగ్గర దాదాపు 98 న్యూటన్ మీటర్ల వంపు బలం పుడుతుంది. రెండు ఫోర్క్ కాళ్ల మధ్య దూరం 20 సెంటీమీటర్లయితే ఒక కాలిని 50 కిలోల బలం పైకి తోస్తుంది, రెండో కాలిని అంతే బలం కిందికి లాగుతుంది. వాలు మీద వెళ్తున్నంతసేపూ ఇది నిలిచే ఉంటుంది. దీనికి తోడు గుంతల కుదుపులు. రెండు కాళ్లూ ఒకదానికొకటి ఎదురు తిరుగుతున్నప్పుడు యాక్సిల్ ఒక లగ్గులో వెంట్రుకవాసి కదిలినా చాలు, ఆ కదలిక ప్రతి కుదుపులోనూ లగ్గును కొరుకుతుంది.

వదులును వెతికే వరుస

బండిని స్టాండు మీద నిలిపి స్కీ నేలకు తగలకుండా లేపండి. హ్యాండిల్‌ను ఒకరు గట్టిగా పట్టుకోవాలి. రెండో మనిషి స్కీ ముందు కొనను పట్టుకుని కుడికీ ఎడమకీ ఊపాలి, తరువాత స్కీని దాని పొడవు చుట్టూ మెలితిప్పినట్టు తిప్పాలి. కొన పైకీ కిందికీ ఊగడం సహజం. స్కీ బోల్టు మీద అది ఊగాలి, రబ్బరు డంపర్ దాన్ని ఆపాలి. పక్కకు కదిలేదీ మెలిక తిరిగేదీ మాత్రమే మనకు కావాలి.

కొన కదిలిందంటే వదులు ఎక్కడైనా ఉండవచ్చు. నాలుగు చోట్ల చూడాలి: స్కీకీ స్పిండిల్‌కీ మధ్య ఉండే బోల్టు-బుష్ జత, స్పిండిల్‌కీ యాక్సిల్‌కీ మధ్య, యాక్సిల్‌కీ లగ్గుకీ మధ్య, పైన స్టీరింగ్ హెడ్ బేరింగులు. కంటితో చూస్తే నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. వేలితో తెలుస్తుంది. రెండు భాగాలు కలిసే గీత మీద బొటనవేలి గోరు అడ్డంగా ఆనించి ఉంచండి, సగం ఈ భాగం మీద, సగం ఆ భాగం మీద. స్కీని ఊపమనండి. రెండు భాగాలు కలిసే కదులుతుంటే గోటికి ఏమీ తెలియదు. ఒకటి కదిలి ఇంకొకటి ఆగితే గోరు అంచుకు చిన్న గీపు తగులుతుంది. పదో వంతు మిల్లీమీటరు కదలికను కూడా గోరు పసిగడుతుంది. మా షాపులో కుర్రాళ్లకు డయల్ గేజీ (సన్నటి కదలికను ముల్లుతో చూపే కొలమానం) చేతికి ఇచ్చే ముందు ఇదే నేర్పుతాను.

కొలవాలనుకుంటే డయల్ గేజీ మంచిదే. అయితే అయస్కాంతం ఉన్న స్టాండు ఫోర్క్ కాలికి అంటదు, అది అల్యూమినియం. చిన్న ఇనుప పట్టీని రబ్బరు ముక్క మీద పెట్టి సీ-క్లాంపుతో ఫోర్క్ కాలికి బిగించండి, అయస్కాంతాన్ని ఆ పట్టీ మీద నిలపండి. క్లాంపును మెరిసే స్లైడింగ్ ట్యూబుకు ఎప్పుడూ తగిలించకండి. దాని మీద గీత పడితే సీలు పోయినట్టే.

ఎంత వదులును ఒప్పుకోవచ్చు? యాక్సిల్‌కీ లగ్గుకీ మధ్య అసలు ఉండకూడదు. స్కీ బోల్టు దగ్గర కొత్తగా ఉన్నప్పుడు నేను 0.1 మిల్లీమీటరు దాకా ఉంచుతాను, 0.3 దాటితే బుష్ మార్చమంటాను. ఇది చిన్నదిగా అనిపిస్తుంది. బుష్ పొడవు 40 మిల్లీమీటర్లు, స్కీ కొన అక్కడికి 600 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, బుష్‌లోని 0.3 మిల్లీమీటర్ల వదులు కొన దగ్గర నాలుగున్నర మిల్లీమీటర్లవుతుంది. అంత దూరం ఖాళీగా కదిలి వచ్చి ఆగేటప్పుడు పడేది సుత్తి దెబ్బే.

గ్యారేజీలో బిగుతు, మంచులో వదులు

ఇది చాలామందికి తట్టని సంగతి, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను. మా మేనల్లుడి బృందంలో ఒకరి స్పిండిల్‌లో గ్యారేజీలో చూస్తే ఏ వదులూ లేదు. కొండ మీద మాత్రం టకటకమని చప్పుడు. బుష్ అసిటాల్ ప్లాస్టిక్‌ది, చుట్టూ ఉన్నది ఉక్కు.

ఉక్కు ఒక్కో డిగ్రీ చల్లబడితే మీటరుకు దాదాపు 12 మైక్రాన్లు కుంచించుకుంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అల్యూమినియం 23 మైక్రాన్లు. అసిటాల్ ప్లాస్టిక్ దాదాపు 110 మైక్రాన్లు. 25 డిగ్రీల గదిలో బిగించిన స్పిండిల్ మైనస్ 25 డిగ్రీల కొండ మీదికి వెళ్తే తేడా 50 డిగ్రీలు. 25 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసం ఉన్న ప్లాస్టిక్ బుష్ అప్పుడు 0.14 మిల్లీమీటర్ల వరకు చిన్నదవుతుంది. దాన్ని పట్టుకున్న ఉక్కు బోరు 0.015 మాత్రమే తగ్గుతుంది. గదిలో గట్టిగా కొట్టి దించిన బుష్ మంచులో తన గూట్లోనే వదులైపోతుంది. అదే సమయంలో బుష్ లోపలి రంధ్రం కూడా కుంచించుకుని బోల్టును పట్టేస్తుంది. బోల్టు బుష్‌లో తిరగడం మానేసి, బుష్ గూట్లో తిరగడం మొదలుపెడుతుంది. గూడు అరగడానికి తయారైనది కాదు కాబట్టి కోలగా మారుతుంది. అక్కడితో ఆ స్పిండిల్ ఆయువు తీరింది.

దీన్ని కనిపెట్టడానికి కొండ దాకా వెళ్లనక్కరలేదు. స్పిండిల్‌ను బుష్, బోల్టుతో సహా తడి తగలకుండా ప్లాస్టిక్ సంచిలో గట్టిగా కట్టి ఇంట్లో ఫ్రీజర్‌లో రాత్రంతా ఉంచండి. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఉదయం తీసిన వెంటనే, ఒకటి రెండు నిమిషాల్లోనే, బోల్టును వేళ్లతో తిప్పి చూడండి, బుష్‌ను పక్కకు తోసి చూడండి. బెంగళూరులో నేను చేసి పంపే ప్రతి బుష్‌నూ ఇలా పరీక్షించాకే డబ్బాలో పెడతాను.

పరిష్కారం కష్టమేమీ కాదు. ఫాస్ఫర్ బ్రాంజ్ బుష్ వాడితే తేడా బాగా తగ్గిపోతుంది, బ్రాంజ్ మీటరుకు 18 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. బరువు తక్కువని ప్లాస్టిక్కే కావాలంటే కాలరు ఉన్న బుష్ పెట్టి, అది గూట్లో తిరగకుండా చిన్న పిన్ను వేయించండి, లోపలి రంధ్రాన్ని చలిని దృష్టిలో ఉంచుకుని ఇంకాస్త వదులుగా రీమర్ చేయించండి. మామూలు నైలాన్ మాత్రం వద్దు. అది నీరు పీల్చి ఉబ్బుతుంది, మంచులో దానికి నీటి కరువు ఉండదు. గ్రీజు విషయంలో కూడా మామూలు మినరల్ గ్రీజు మైనస్ 25లో మైనంలా గడ్డకడుతుంది. తక్కువ ఉష్ణోగ్రతల కోసం చేసిన సింథటిక్ గ్రీజు వాడండి.

ఇక బోల్టు. బరువు మోసేది దాని నున్నటి షాంక్ కావాలి, మర కాకూడదు. మర బుష్ లోపలికి వచ్చేంత పొడవు ఉంటే ఆ బోల్టు తప్పు బోల్టు. ప్రతి మర గాడీ పగులుకు సిద్ధంగా ఉన్న గీత. నైలాక్ నట్టును (లోపల నైలాన్ రింగు ఉండేది) విప్పిన ప్రతిసారీ కొత్తది వేయండి.

పగులును చూసే పద్ధతి

సీజను ముగిశాక ఒకసారి, మొద్దునో రాయినో గట్టిగా కొట్టిన తరువాత ఒకసారి స్పిండిల్‌ను విప్పి రంగు పరీక్ష చేయండి. వెల్డింగ్ సామాన్లు అమ్మేచోట మూడు డబ్బాల సెట్ దొరుకుతుంది: క్లీనర్, ఎర్ర రంగు, తెల్ల డెవలపర్. పీణ్యలో మేము రోజూ వాడేదే.

మురికి వదిలించడానికి వైరు బ్రష్ వాడకండి, ముఖ్యంగా అల్యూమినియం మీద. మెత్తటి లోహం ఒరుసుకుపోయి పగులు నోటిని మూసేస్తుంది. రంగు లోపలికి దిగదు, ఏమీ లేదనుకుంటారు. పెయింట్ ఉంటే రసాయనంతో తీయండి. క్లీనర్‌తో తుడిచి ఆరనివ్వండి. ఎర్ర రంగు చల్లి కనీసం పది నిమిషాలు ఆగండి. చల్లటి గ్యారేజీలో ఈ పని పెట్టుకోకండి, లోహం 10 డిగ్రీలకన్నా చల్లగా ఉంటే రంగు సరిగా పాకదు. తరువాత పొడి గుడ్డతో తుడవండి, ఆపై క్లీనర్ చల్లిన గుడ్డతో తుడవండి. క్లీనర్‌ను నేరుగా భాగం మీద చల్లితే పగులులోకి దిగిన రంగు కూడా కడుక్కుపోతుంది. చివరగా తెల్ల డెవలపర్‌ను పలచగా చల్లండి.

ఇప్పుడు తొందరపడకండి. తెలుపు ఆరుతుంటే మొదట ఏమీ కనిపించదు. కొద్దిసేపటికి మూల వెంబడి ఒక చుక్క, దాని పక్కన ఇంకో చుక్క, ఆ రెండూ కలిసి సన్నటి ఎర్ర గీత. గీత అంచులు నెమ్మదిగా వెడల్పవుతుంటే లోపల లోతు ఉందని అర్థం. గీత ఎంత చిన్నదైనా ఆ భాగాన్ని పక్కన పెట్టాలి. చూడవలసిన చోట్లు ఇవి: స్పిండిల్ లావు మారే మెట్టు మూల, వెల్డింగ్ గట్టు అంచు, బోల్టు రంధ్రాల లోపలి అంచులు, ఫోర్క్ లగ్గులో పించ్ బోల్టు (లగ్గును నొక్కి యాక్సిల్‌ను పట్టించేది) కోసం చీల్చిన గాడి ముగిసే చోటు. చివరిదాన్ని ఎక్కువమంది వదిలేస్తారు.

పగులు కనబడితే వెల్డింగ్ చేయిద్దామన్న ఆలోచన వస్తుంది. వద్దు. ఫోర్క్ లగ్గు వేడిచికిత్స చేసిన అల్యూమినియం. వెల్డింగ్ వేడికి ఆ బలం పోతుంది, 7075 రకమైతే వెల్డింగ్‌లోనే పగుళ్లు పుడతాయి. ఉక్కు స్పిండిల్ కూడా, ముందుగా వేడిచేయకుండా వెల్డ్ చేస్తే గట్టు పక్కన పెళుసు పట్టీ తయారవుతుంది. తరువాతి విరుపు సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

కొత్తది చేయించుకుంటే ఏం చెప్పాలి

"ఇంకాస్త లావుగా" అన్న మాటకు ఇక్కడ జవాబు చెబుతాను. లావు పెంచితే బలం పెరుగుతుంది, అది నిజం. 20 మిల్లీమీటర్ల గుండ్రటి రాడ్డును 22 చేస్తే వంపును తట్టుకునే శక్తి 33 శాతం పెరుగుతుంది. అదే 20 మిల్లీమీటర్ల రాడ్డుకు నడిమధ్య 10 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే బరువు 25 శాతం తగ్గుతుంది, శక్తి 6 శాతమే పోతుంది. కాబట్టి బోలు స్పిండిల్ బలహీనమన్న భయం అక్కరలేదు. కానీ ఆ లావు రాడ్డును లేతు మీద పెట్టి మెట్టు దగ్గర మూలను చాకులా నిటారుగా కోస్తే, పెంచిన బలమంతా ఆ మూలలో పోతుంది. వంపు బలం నున్నగా పారి వచ్చి అక్కడ చిక్కుకుంటుంది. అందుకే ఫోనులో అబ్బాయికి చెప్పిన మాటే మీకూ చెబుతున్నాను: "లావు తరువాత చూద్దాంరా, ముందు మూల గుండ్రంగా ఉందా?"

మెట్టు మూలలో కనీసం 2 మిల్లీమీటర్ల రేడియస్ అడగండి, చోటు ఉంటే 3. ఎదురుగా కూర్చునే భాగానికి అంతకన్నా పెద్ద చాంఫర్ (ఏటవాలుగా కోసిన అంచు) ఉండాలి, లేకపోతే అది రేడియస్ మీద ఎక్కి కూర్చుని సరిగా ఆనదు. లేతు టూలు వదిలిన గీతలు రాడ్డు చుట్టూ ఉంటాయి. ఆ మూలలో ఎమెరీ కాగితంతో పొడవు దిక్కున రుద్ది గీతలు పోయేదాకా నునుపు చేయించండి. చుట్టూ తిప్పి పాలిష్ చేస్తే మెరుపు వస్తుంది, సన్నటి గీతలు మాత్రం చుట్టూనే మిగులుతాయి, పగులు ఆ దారినే పట్టుకుంటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో ఏళ్ల తరబడి పరీక్షించి చూపించింది కూడా ఇదే దారి: ఒకసారి మోయగల బరువుకన్నా ఎంతో తక్కువ బరువు మళ్లీ మళ్లీ పడితే లోహం అలసి తెగుతుంది, మెట్టు మూలల్లో ముందుగా తెగుతుంది.

లోహం ఏది? మా దగ్గర సులువుగా దొరికేది ఈఎన్8 అనే మామూలు కార్బన్ ఉక్కు. ధర తక్కువ, లేతు మీద బాగా కోస్తుంది. బెంగళూరు ఎండలో తిరిగే యంత్రానికి అది సరిపోవచ్చు. మైనస్ 25లో దెబ్బలు తినే స్పిండిల్‌కు నేను వాడను. చలిలో మామూలు ఉక్కు సాగే గుణం కోల్పోయి పెళుసు తేలుతుంది. అక్కడ ఈఎన్24 అనే మిశ్రమ ఉక్కు కావాలి, క్వెంచ్ చేసి (కాల్చి చల్లార్చి) టెంపర్ చేసిన (మళ్లీ తక్కువ వేడి ఇచ్చిన) టీ స్థితిలో. అందులోని దాదాపు ఒకటిన్నర శాతం నికెల్ చలిలో కూడా దాన్ని గట్టిగా, సాగేలా ఉంచుతుంది. టీ స్థితిలో దాని తన్యబలం 850 నుంచి 1000 మెగాపాస్కల్ వరకు ఉంటుంది. రాడ్డుతో పాటు మిల్ టెస్ట్ సర్టిఫికెట్ (ఉక్కు మిల్లు ఇచ్చే పరీక్షా పత్రం) అడిగి తీసుకోండి. మరీ గట్టిగా హార్డెన్ చేయించమని కొందరు పట్టుబడతారు. గట్టిదనం పెరిగేకొద్దీ దెబ్బను ఓర్చుకునే గుణం తగ్గుతుంది. అరిగే చోట బుష్ ఉంది, అరగవలసింది అదే, స్పిండిల్‌కు ఓర్పు కావాలి. అల్యూమినియానికి చలిలో పెళుసుదనం రాదు, కానీ దానికి అలసట హద్దు లేదు. ఎంత చిన్న బరువైనా ఎన్నో లక్షల సార్లు పడితే ఎప్పుడో ఒకనాడు తెగుతుంది. అల్యూమినియం స్పిండిల్ వాడేవాళ్లు రంగు పరీక్ష ఒక్క సీజను కూడా తప్పించకూడదు.

తుప్పు పట్టకుండా 12.9 గ్రేడు బోల్టుకు (చాలా గట్టి రకం) జింక్ ఎలక్ట్రోప్లేటింగ్ వేయించవద్దు. ప్లేటింగ్ తొట్టిలో హైడ్రోజన్ లోహంలోకి దూరుతుంది. వెంటనే 200 డిగ్రీల దగ్గర గంటల తరబడి వేడిచేసి దాన్ని వెళ్లగొట్టకపోతే, బిగించిన బోల్టు ఒక రాత్రి ఎవరూ తాకకుండానే తల ఊడి పడుతుంది. నల్లటి బోల్టు కొనండి, నూనె రాసి వాడండి.

బిగించే పద్ధతి

యాక్సిల్, లగ్గు, స్పిండిల్ బోరు మూడూ పొడిగా, శుభ్రంగా ఉండాలి. మంచు కరగడానికి ఉప్పు చల్లిన రోడ్లలో ట్రైలర్ మీద బండి తీసుకెళ్తే ఉప్పునీరు ఉక్కుకూ అల్యూమినియానికీ మధ్య చేరి తెల్లటి పొడిలా తినేస్తుంది. యాక్సిల్ మీద పలుచటి గ్రీజు పొర చాలు. పించ్ బోల్టుల మరకు మాన్యువల్ చెప్పకపోతే ఏమీ పూయకండి. జారుడు మరతో అదే టార్క్ ఇస్తే బోల్టు అంతకు మించి లాగుతుంది.

యాక్సిల్‌ను దూర్చి నట్టు బిగించి, నట్టు వైపు పించ్ బోల్టులను మాత్రమే బిగించండి. రెండో వైపు వదులుగా ఉంచి, బండిని నేల మీదికి దించి ఫోర్క్‌ను కొన్ని సార్లు గట్టిగా నొక్కి వదలండి. ఆ వదులు కాలు తనకు కావలసిన చోటికి జరిగి నిలుస్తుంది. అప్పుడు దాన్ని బిగించండి. ఈ పని చేయకపోతే రెండు కాళ్లూ ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటాయి, లోపలి బుష్‌లు ఒక పక్కే అరుగుతాయి, ఫోర్క్ బిగుసుకుంటుంది. స్కీ దెబ్బలను మింగవలసిన ఫోర్క్ మింగకపోతే అవి స్పిండిల్‌కే మిగులుతాయి.

పించ్ బోల్టులు, ట్రిపుల్ క్లాంప్ (పైన ఫోర్క్ కాళ్లను పట్టుకునే పట్టీలు) బోల్టులు రెండింటికీ టార్క్ రెంచి తప్పనిసరి. సాధారణంగా 12 నుంచి 25 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటాయి, మీ బండి మాన్యువల్‌లోని అంకెనే పాటించండి. జంట బోల్టులుంటే ఒకటి, రెండు, మళ్లీ ఒకటి, మళ్లీ రెండు అంటూ రెండూ కదలకుండా ఆగేదాకా తిప్పాలి. ఒకటి బిగిస్తే రెండోది వదులవుతుంది. చేతి అంచనాతో కింది క్లాంప్‌ను ఎక్కువ బిగిస్తే ట్యూబు కోలగా నొక్కుకుని లోపలి ట్యూబును పట్టేస్తుంది. బిగించాక ప్రతి బోల్టు తల మీది నుంచి పక్కన లోహం మీదికి పెయింట్ పెన్నుతో గీత గీయండి. మంచులో ఆగినప్పుడల్లా ఒక్క చూపు చాలు, గీత విరిగి ఉంటే బోల్టు తిరిగినట్టు.

ఫోర్క్ లోపల

గాలి ఫోర్క్ (స్ప్రింగు బదులు గాలి ఒత్తిడితో పనిచేసేది) ఉన్నవాళ్లకు ముఖ్యమైన మాట. 20 డిగ్రీల గ్యారేజీలో గేజీ 10 బార్ చూపించేలా గాలి నింపితే, మైనస్ 20లో అదే ఫోర్క్ 8.5 బార్ మాత్రమే చూపిస్తుంది. ఒకటిన్నర బార్ తగ్గిన ఫోర్క్ ప్రతి గుంతకూ అడుగు తాకుతుంది, ఆ తాకిడి నేరుగా లగ్గులకు వెళ్తుంది. బండిని బయట చలిలో ఓ గంట నిలిపాకే గాలి సరిచూడండి. స్ప్రింగు ఫోర్క్‌లో ఈ తలనొప్పి లేదు, స్నో బైక్‌కు నేనైతే అదే ఎంచుకుంటాను. కిట్ బరువుకు తగ్గట్టు గట్టి స్ప్రింగు వేయించుకోవాలి. కింది మెరిసే ట్యూబుకు సన్నటి జిప్ టై కట్టి ఒక పూట తోలి చూడండి. అది ప్రతిసారీ చివరిదాకా జరిగి ఉంటే స్ప్రింగు మెత్తగా ఉన్నట్టు, లేదా నూనె మట్టం 5 మిల్లీమీటర్లు పెంచాలి.

నూనె డబ్బా మీద చిక్కదనానికి రాసే 5డబ్ల్యూ అన్న మాటను నమ్మి కొనకండి. ఒక కంపెనీ 5డబ్ల్యూ ఇంకో కంపెనీ 5డబ్ల్యూ కాదు. 40 డిగ్రీల దగ్గర చిక్కదనాన్ని కొలిచే సెంటీస్టోక్‌ల సంఖ్య చూడండి, విస్కాసిటీ ఇండెక్స్ ఎక్కువ ఉన్నది తీసుకోండి. అలాంటి నూనె చలిలో తక్కువ చిక్కబడుతుంది.

తోలడం అయ్యాక మెరిసే ట్యూబుల మీది తడిని వెంటనే తుడవండి. అది గడ్డకట్టాక ఫోర్క్ నొక్కితే మంచు పెచ్చు సీలు పెదవిని చీలుస్తుంది. ఇప్పటికే గడ్డకట్టి ఉంటే గోరువెచ్చని గుడ్డ చుట్టి కరిగించండి, గీకకండి. లోపల చేరిన గాలిని వదిలే ఎయిర్ బ్లీడ్ స్క్రూలు ఉంటే స్కీని గాలిలోకి లేపి, ఫోర్క్ పూర్తిగా సాగి ఉన్నప్పుడు తెరిచి మూయండి. సీళ్ల కోసం బెంగళూరులోనైతే జేసీ రోడ్డుకు పాత సీలు చేతిలో పట్టుకుని వెళ్లండి. దాని మీద ముద్రించిన కొలతలు చూపితే దుకాణంవాళ్లు సరైనది ఇస్తారు.

ఇవన్నీ చూసుకున్నా ఎప్పుడైనా స్పిండిల్ విరిగితే ముక్కలు రెండూ ఏరుకుని తీసుకురండి. విరిగిన ముఖం మీద పగులు ఎక్కడ పుట్టిందో, ఎంతకాలం పాకిందో రాసి ఉంటుంది. పాతగా తెరుచుకున్న భాగం నల్లగా, నున్నగా, అలల్లాంటి గీతలతో ఉంటుంది, చివరిసారి తెగిన భాగం గరుకుగా మెరుస్తుంది. నున్నటి భాగం పెద్దదైతే చాలాకాలంగా పగులు ఉన్నట్టు, చిన్నదైతే ఒక్క పెద్ద దెబ్బ పడినట్టు. అలలు మొదలైన చోటే వదులు గానీ, మూల దోషం గానీ ఉంటుంది, కొత్తది చేసేటప్పుడు నేను మార్చవలసింది అక్కడే. కాబట్టి అతుకుతాయేమోనని రెండు ముఖాలనూ ఒకదానికొకటి ఆనించి చూడకండి, వేలితో రుద్దకండి, బ్రష్‌తో కడగకండి. పలుచగా నూనె పూసి, ఒక్కో ముక్కను వేరువేరు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి పంపండి. దానితో పాటు యాక్సిల్ వ్యాసం, రెండు లగ్గుల మధ్య దూరం, స్కీ బోల్టు వ్యాసం, పొడవు కాగితం మీద రాసి పెట్టండి.